కుక్కతో పాత సముద్రపు ఒడ్డుకు: చెన్నై నుంచి కారై శిలాజ భూములకు వెళ్ళిరావడం ఎలా?

చెన్నైలో కుక్క ఉన్న ఇంట్లో ఆదివారం పొద్దున్న అంటే బీచే. తిరువాన్మియూరు, నీలాంకరై, ఓపిక ఉంటే కోవళం. కొన్నాళ్ళకు అదే ఇసుక, అవే చేపల వాసనలు. కాస్త రాళ్ళూ రప్పలూ ఉండి, శిలాజాలు కూడా కనిపించే ఒడ్డు దగ్గర్లో ఏదైనా ఉందా అని అడిగితే చాలామంది మహాబలిపురం పేరు చెప్తారు. అక్కడ రాళ్ళయితే ఉన్నాయి గానీ వాటిలో శిలాజాలు వెతకడం దండగ. చెన్నై చుట్టుపక్కల, పల్లవరం దాకా, ఎక్కువగా కనిపించేది చార్నోకైట్. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి తయారైన, 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. అది పుట్టేనాటికి గవ్వలూ లేవు, చేపలూ లేవు.

శిలాజాలున్న సముద్రపు ఒడ్డు చూడాలంటే సముద్రాన్ని వదిలేసి లోపలికి పోవాలి. పెరంబలూరు జిల్లా ఆలత్తూరు తాలూకాలో కారై, కొళక్కానత్తం ఊళ్ళ మధ్య చెట్టూ చేమా పెద్దగా లేని ఎర్రమట్టి, పచ్చమట్టి దిబ్బలు ఉన్నాయి. వాటి నిండా వాన కోసిన గండ్లు. ఇప్పుడు అక్కడి నుంచి బంగాళాఖాతం సుమారు 100 కిలోమీటర్ల దూరం. 10 కోట్ల ఏళ్ళ కిందట మాత్రం అది సముద్రం అడుగు. మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయాక ఏర్పడిన పల్లంలోకి నీళ్ళొచ్చి తిరుచ్చి వైపున్న పాత రాతి నేల దాకా తాకాయి. ఆ నీళ్ళలో బతికినవన్నీ బురదలో కూరుకుపోయి రాళ్ళయ్యాయి. 19వ శతాబ్దంలో జియలాజికల్ సర్వే తరఫున హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఈ ప్రాంతాన్ని మ్యాపు గీశాడు, ఫెర్డినాండ్ స్టోలిచ్కా ఇక్కడి శిలాజాలను సంపుటాలకు సంపుటాలుగా వర్ణించాడు. డైనోసార్లు తిరిగిన క్రిటేషియస్ కాలపు సముద్ర జీవుల గురించి చదివేవాళ్ళకు ఇది ప్రపంచమంతా తెలిసిన చోటు. చెన్నైలో ఉండే మనకే తెలియదు.

కుక్కతో ఇక్కడికి వెళ్ళొచ్చా అంటే, వెళ్ళొచ్చు. కానీ ఈ ట్రిప్ టైమ్‌టేబుల్ మీరు వేసేది కాదు, కుక్క అరికాళ్ళు వేసేది. అది ఒప్పుకుంటేనే మిగతాది చదవండి.

1. మీ కుక్క ఈ నేలకు పనికొస్తుందా?

పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులను తీసుకెళ్ళొద్దు. అవి రొప్పుతూ ఒంటి వేడిని బయటికి పంపలేవు, అక్కడేమో నీడ ఉండదు. హస్కీలకూ ఇదే మాట. ఏడాది లోపు పిల్లలు, తుంటి నొప్పులున్న ముసలి లాబ్రడార్లు కూడా ఇంట్లోనే ఉండనివ్వండి. ఈ నేలకు సరిగ్గా సరిపోయేవి మన నాటు కుక్కలు, ఆ తర్వాత చిప్పిపారై, కన్ని లాంటి తమిళనాడు వేట జాతులు. అయితే వేట జాతుల్లో ఒక చిక్కుంది. కుందేలు కనిపిస్తే మీ పిలుపు వాటి చెవికెక్కదు.

మా చిట్టి నాటు కుక్కే. ఎండకు తట్టుకుంటుంది, మేకలను చూస్తే మాత్రం ఆగదు. మేకలను చూసి మీ కుక్క ఏం చేస్తుందో తెలియకపోతే వెళ్ళేముందే తెలుసుకోండి. కారైలో మేకల మంద తప్పకుండా ఎదురవుతుంది.

2. ఏ నెలలో వెళ్ళాలి?

డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అంతే. మార్చి నుంచి ఆ దిబ్బల మీద పొద్దున్న తొమ్మిదికే పెనం మీద నిలబడ్డట్టు ఉంటుంది. అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ బంకమట్టి తడిస్తే ఉబ్బి జారుతుంది, చెప్పులకు శేరు శేరు అంటుకుంటుంది, గండ్ల అంచులు విరిగి పడతాయి. వానలు ఆగి నేల ఆరిన తర్వాతి రోజులే మంచివి. అప్పటికి పైమట్టి కొట్టుకుపోయి కొత్త శిలాజాలు బయటపడి ఉంటాయి కూడా.

3. వెళ్ళేముందు వారం రోజులు

రేబిస్ టీకా గడువు చూసుకోండి. ఆ సర్టిఫికెట్టూ, కార్పొరేషన్ ఇచ్చిన పెంపుడు కుక్క లైసెన్సూ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. లాడ్జీలో అడిగితే చూపించవచ్చు. గోమార్లకు మాత్రో, మెడ వెనక వేసే చుక్కలో డాక్టరును అడిగి నాలుగైదు రోజుల ముందే వాడండి. మేకలు తిరిగే చోట గోమార్లు ఉండకుండా పోవు.

కుక్క బూట్లు కొనేవాళ్ళు ఆ రోజే మొదటిసారి తొడగొద్దు. కోడి నడక నడుస్తుంది, నాలుగడుగులకు ఒక బూటు పీకేస్తుంది. రోజూ పది నిమిషాలు ఇంట్లో తొడిగి, తినడానికి ఏదైనా ఇచ్చి అలవాటు చేయండి. వారానికీ అలవాటు పడకపోతే బూట్లు మానేసి, నడక తగ్గించండి.

పెరంబలూరులో ఒకటి, తిరుచ్చిలో ఒకటి, రెండు వెటర్నరీ ఆసుపత్రుల నంబర్లు తెలుసుకుని ముందే ఫోన్ చేయండి. ఆదివారం తెరుస్తారా, కుక్కలను చూస్తారా, పాము కాటు మందు ఉంటుందా, ఈ మూడూ అడగాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే బండి ముఖ్యంగా పాడిపశువుల కోసం, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

4. సంచిలో ఏముండాలి?

అన్నిటికన్నా ముందు నీళ్ళు. 20 కిలోల కుక్క ఇంట్లో ఉన్న రోజే లీటరు పైన తాగుతుంది. అక్కడ దానికి విడిగా 3 లీటర్లు పెట్టుకోండి, ఒళ్ళు తడపడానికి కారులో ఇంకో 5 లీటర్ల క్యాను. ఆ తర్వాత:

- ఛాతీకి కట్టే హార్నెస్, 3 మీటర్ల మామూలు లీషు. బటన్ నొక్కితే చుట్టుకునే రకం వద్దు, సర్కారు తుమ్మ కొమ్మల్లో చిక్కుకుంటుంది
- ట్వీజర్, గాజుగుడ్డ, చుట్టే బ్యాండేజీ, పోవిడోన్ అయోడిన్
- తడిపి ఒంటి మీద కప్పడానికి రెండు పాత తువ్వాళ్ళు
- మలం ఎత్తడానికి కవర్లు
- శిలాజాల ఫోటోలో కొలత తెలియడానికి 10 రూపాయల నాణెం (అడ్డంగా 27 మిల్లీమీటర్లు)

సుత్తి, ఉలి ఇంట్లోనే వదిలేయండి. ఎందుకో కింద చెప్తాను.

మన తిండి సంగతి. పులిహోర, పెరుగన్నం మామూలే. పెరుగన్నంలో పోపు వేయకముందే కుక్క వాటా తీసి పెట్టండి. పులిహోర పెట్టొద్దు. దారిలో కొన్న బిర్యానీలో ఎముకలు అసలే పెట్టొద్దు, ఉడికిన కోడి ఎముక ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

5. దారి: ఒక్క రోజులో తిరిగొద్దామనుకోవద్దు

చెన్నై నుంచి పెరంబలూరు సుమారు 270 కిలోమీటర్లు. తాంబరం, చెంగల్పట్టు, తిండివనం, విల్లుపురం, ఉళుందూరుపేట మీదుగా తిరుచ్చి హైవే. పరనూరు నుంచి తిరుమాందురై దాకా టోల్‌గేట్లు వరసగా వస్తాయి, ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. ఎంత లేదన్నా ఐదు గంటలు. పొద్దున్నే నాలుగింటికి బయల్దేరినా చేరేసరికి తొమ్మిది దాటుతుంది, అంటే కుక్క నడవాల్సిన వేళ అయిపోయినట్టే. అర్ధరాత్రి బయల్దేరి నిద్రమత్తులో ఆ హైవే మీద నడపడం కన్నా ఇంట్లో ఉండడం నయం.

అందుకే శనివారం మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి పెరంబలూరులోనో తిరుచ్చిలోనో ఉండండి. కుక్కను రానిస్తామని లాడ్జీవాళ్ళు ఫోన్‌లో చెప్పింది మెసేజ్‌లో కూడా రాయించుకోండి. రాత్రి పదింటికి రిసెప్షన్‌లో డ్యూటీ మారిన మనిషికి ఆ మెసేజే చూపించాలి.

బండెక్కడానికి మూడు గంటల ముందే తిండి పెట్టేయండి, లేకపోతే చెంగల్పట్టు దాటకముందే సీటు మీద కక్కుతుంది. సీట్ బెల్ట్ క్లిప్ హార్నెస్‌కు పెట్టాలి, మెడపట్టీకి కాదు. రెండు గంటలకోసారి ఆపి తిప్పండి. హోటల్ దగ్గర ఆగినప్పుడు ఒకరు తినాలి, ఒకరు కుక్క దగ్గర ఉండాలి. అద్దాలు కాస్త దించి పెట్టాం కదా అనుకోవద్దు, ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది.

6. నేల మీద కాలు పెట్టాక

జనవరిలో అక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాక. వెలుతురు వచ్చేసరికి ఊరు చేరండి, తొమ్మిదికల్లా కారెక్కేయండి. ఊళ్ళో ఎవరైనా కనిపిస్తే ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. కంచె వేసిన చోట, బోర్డు పెట్టిన చోట అడగకుండా లోపలికి పోవద్దు. "కడిక్కుమా?" అని అడుగుతారు, కరుస్తుందా అని. "కడిక్కాదు అన్నా" అంటూనే లీషు పొట్టిగా పట్టుకోండి, మాట కన్నా చేతిని చూస్తారు. తమిళం రాకపోయినా మరీ ఇబ్బంది లేదు. పెరంబలూరు, తిరుచ్చి జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్డియార్, నాయుడు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ళ తెలుగు మన తెలుగులా ఉండదు గానీ, దారి చెప్పడానికి చాలు.

లీషు ఎందుకు విప్పకూడదంటే మొదటి కారణం బావులు. ఈ చేలల్లో గట్టు లేని దిగుడు బావులు నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉంటాయి. నెమలి వెనక పరుగెత్తే కుక్క బావి చూసుకోదు. రెండో కారణం గండ్ల అంచులు. పైనుంచి గట్టిగా కనిపించే మట్టి కింద నీళ్ళు తొలిచేసి డొల్లగా ఉంటుంది. అంచుకు మీటరు ఎడంగా నడవండి, కుక్కను మీకు లోపలి వైపు ఉంచుకోండి. మూడోది పాములు. రక్తపింజర, నాగుపాము రెండూ తిరిగే నేల ఇది. పొదల్లోకి, రాళ్ళ సందుల్లోకి ముక్కు పెట్టనివ్వద్దు.

ఇక అరికాళ్ళు. ఈ బంకమట్టిలో జిప్సం పలకలు అడ్డదిడ్డంగా చీలికల్లో పేరుకుని ఉంటాయి. విరిగి నేల మీద పడితే గాజు పెంకుల్లా మెరుస్తాయి. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, కానీ అంచు పలచగా ఉంటుంది. కుక్క వేళ్ళ మధ్య మెత్తటి చర్మంలోకి ఒక పలుకు దిగితే పైకి రక్తం కూడా కనిపించదు. కుక్క నాలుగడుగులు వేసి, ఆగి, ఆ కాలే నాకుతుంటుంది. వెంటనే కూర్చోబెట్టి, వేళ్ళు విడదీసి, నీళ్ళు పోసి చూడండి. పొడిగా ఉన్నప్పుడు పలుకు మట్టి రంగులో కలిసిపోతుంది, తడిస్తే మెరుస్తుంది. ట్వీజర్‌తో దిగిన దారినే వెనక్కి లాగాలి, పక్కకు తిప్పితే లోపల విరుగుతుంది. పల్లేరు కాయలకూ, తుమ్మ ముళ్ళకూ ఇదే పద్ధతి. పావుగంటకోసారి నాలుగు కాళ్ళూ చూడడం అలవాటు చేసుకోండి.

గండ్లలో నిలిచిన నీళ్ళు తాగనివ్వద్దు, పత్తి చేల పక్క కాలవలో నీళ్ళు అసలే వద్దు, మందు కొట్టి ఉంటారు. ఇంకొకటి. ఇది చిన్న ఉల్లిపాయలకు పేరున్న జిల్లా, చేల గట్ల మీద కుప్పలు కనిపిస్తాయి. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. నమిలితే ఏమవుతుందిలే అనుకోవద్దు.

7. శిలాజాలు ఎలా చూడాలి?

దిబ్బ ఎక్కితే ఏమీ కనిపించదు. గండి అడుగున, సూర్యుడికి ఎదురుగా, నెమ్మదిగా నడవాలి. ఏటవాలు వెలుతురులో ప్రతి గులకరాయికీ నీడ పడుతుంది, సమంగా గుండ్రంగా ఉన్నదో, గాడులున్నదో కంట్లో పడుతుంది. కుక్క కూడా ఈ వేగానికి సరిపోతుంది. అది వాసన చూస్తూ ఆగిన చోటల్లా మీరు నేల చూడండి.

ముందుగా కనిపించేవి బెలమ్నైట్లు. కణవాయి చేపలకు (స్క్విడ్‌లకు) దూరపు చుట్టాలు. చిటికెన వేలంత, గోధుమరంగు, ఒక కొస మొనదేరి ఉంటుంది. విరిగిన ముక్క అయితే అడ్డకోత చూడండి, మధ్య నుంచి అంచు దాకా సన్నని గీతలు కిరణాల్లా ఉంటాయి. అవి ఉంటే అది రాయి కాదు, బెలమ్నైటే. మెలి తిరిగిన చిన్న గొట్టాలు కనిపిస్తే అవి సముద్రపు పురుగులు కట్టుకున్న ఇళ్ళు. ఆల్చిప్పలు తెలుస్తూనే ఉంటాయి. సొరచేప పళ్ళు కూడా ఈ మట్టిలోంచి వచ్చాయి గానీ, మొదటిసారి వెళ్ళినవాళ్ళకు కనబడడం అదృష్టమే.

అమ్మోనైట్లు, అంటే చుట్ట తిరిగిన గుల్లల్లో బతికి ఇప్పుడు లేకుండా పోయిన సముద్ర జీవులు, మన ఇళ్ళకు కొత్తవి కావు. పూజగదిలో సాలగ్రామం ఉన్నవాళ్ళు రోజూ చూస్తున్నవే. నేపాల్ గండకీ నది నుంచి వచ్చే ఆ నల్లరాళ్ళలోని చక్రం అమ్మోనైట్ గుల్లే, కాకపోతే జురాసిక్ కాలానిది, వీటికన్నా పాతది. కారైలో ఎక్కువగా ముక్కలే దొరుకుతాయి. అర్ధచంద్రాకారంలో వంగి, పైన వరసగా పక్కటెముకల్లాంటి గాడులు. అరిగిన ముక్క మీద ఆకు అంచులా మెలికలు తిరిగిన గీతలుంటే దగ్గరగా చూడండి. ఆ జీవి పెరుగుతూ వెనక గది మూసి ముందుకు జరిగినప్పుడల్లా కట్టిన గోడ, గుల్లకు అతుక్కున్న చోటు అది.

2020లో ఇదే జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లంటూ వాట్సాప్‌లో ఊరేగాయి. నిపుణులు చూసి, అవి గుడ్లు కావు, సముద్రపు మట్టి అమ్మోనైట్ల చుట్టూ గట్టిపడిన ముద్దలని తేల్చారు. గుండ్రటి రాయి కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఏదీ తీసుకురావొద్దు. నాణెం పక్కన పెట్టి ఫోటో తీసి, ఉన్నచోటే, ఉన్న వైపే వదిలేయండి. శిలాజం విలువలో సగం అది ఏ పొరలోంచి వచ్చిందన్నదే. మన షోకేస్‌లోకి వచ్చాక అది ఉత్త రాయి. ఇప్పటికే బస్సుల్లో వచ్చి సంచుల్లో నింపుకుపోయినవాళ్ళ పుణ్యాన దారి పక్క గండ్లు ఖాళీ అయ్యాయి. కుక్క విషయంలోనూ ఒక కన్నేసి ఉంచండి. రాళ్ళు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే గులకరాయిలాంటి బెలమ్నైట్ ముక్కను మింగి పేగుకు అడ్డం తెచ్చుకోగలదు. మట్టి తవ్వడం మొదలుపెడితే లాక్కురండి.

8. ఎండ దెబ్బ, పాము కాటు

చేతి వెనక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క నడవకూడదు. గడియారం ఎంతైనా కానివ్వండి, వెనక్కి తిరగండి.

రొప్పు ఆగకపోవడం, చొంగ జిగురుగా సాగడం, చిగుళ్ళు ఎర్రగా కందిపోవడం, కాళ్ళు తడబడడం, వాంతి. వీటిలో రెండు కనిపిస్తే ఎండ దెబ్బే అనుకోండి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి. క్యానులో నీళ్ళు పొట్ట కింద, తొడల మధ్య, ఒళ్ళంతా పోస్తూ ఉండండి, విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అదే వేడెక్కుతుంది, మారుస్తూ ఉండాలి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్ళు పోయొద్దు. కారులో ఏసీ వేసి, వెళ్తూనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. కోలుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే, కిడ్నీల దెబ్బ మర్నాడు బయటపడుతుంది.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. మెడపట్టీ వదులు చేసి, ఎత్తుకుని కారు దాకా తీసుకురండి. పామును వెతుకుతూ టైమ్ పోగొట్టుకోవద్దు.

9. తిరుగు దారిలో

తొమ్మిదికి బయటపడ్డాక ఓపిక ఉంటే దగ్గర్లోనే సాత్తనూరు ఉంది. అక్కడ 18 మీటర్ల పొడవున రాయైపోయిన చెట్టు మాను ఒకటి పడి ఉంది. 1940లో జియలాజికల్ సర్వేకు చెందిన ఎం.ఎస్. కృష్ణన్ గుర్తించారు. ఒడ్డున పెరిగిన చెట్టు కొట్టుకొచ్చి ఆ సముద్రంలో మునిగి, బురదలో పూడిపోయింది. కంచె లోపలికి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళండి, ఒకరు కుక్కతో నీడలో ఉండండి. ఇరవై నిమిషాలు చాలు.

అరియలూరు దగ్గర వారణవాసిలో ప్రభుత్వ శిలాజాల మ్యూజియం ఉంది. నిండు అమ్మోనైట్లు చూడాలంటే అక్కడే. అయితే అది కుక్క లేకుండా వచ్చే రోజుకు పెట్టుకోండి.

10. ఇంటికొచ్చాక

గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు నానబెట్టి బంకమట్టి వదిలించండి, ఆరితే వేళ్ళ మధ్య గట్టి ఉండలవుతుంది. చెవుల లోపల, చంకల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద గోమార్ల కోసం వేలితో తడిమి చూడండి, కంటితో చూస్తే చాలదు. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. రెండోరోజు కూడా ఒకే కాలు నాకుతుంటే లోపల పలుకు మిగిలిందన్నమాట, డాక్టరుకు చూపించండి. గోమార్ల జ్వరం వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాల్లో తిండి మానేసినా, నీరసంగా పడుకున్నా, ముక్కు నుంచి రక్తం కారినా రక్తపరీక్ష చేయించండి. పెరంబలూరు వైపు మేకలు తిరిగే చోటికి వెళ్ళొచ్చామని డాక్టరుకు మీరే చెప్పాలి.